గంగరాజు మూడో పెళ్ళాం

నాగవేణి ఇంతవరకు నోరు విప్పి ఎవరికీ చెప్పని సంగతేంటంటే, చేలో మోటారు ఎప్పుడూ పాడవలేదంట. ఈవిడే ఫీజు పీకేసేది. పీకేసి, పాలేరుతో మెకానిక్ తాతబ్బాయికి కబురెట్టేది. అతనొచ్చి ఫీజు పెట్టేసి, పెట్టినాక కూడా గంటసేపు మోటారు చుట్టూ తిరిగేవాడు. అతనికి తెలీదనుకుంటున్నారా? తెలుసు. మూడోసారి వచ్చినప్పుడు చేతులు కడుక్కుంటూ అన్నాడు కదా, "వేణీ, మోటారు వంకెట్టుకుని ఎన్నాళ్ళు? పెళ్ళి చేసుకుందాం. నీకిష్టమైతే ఫోను చెయ్యి. శ్రావణం వెళ్ళేదాకా చూస్తాను. రాకపోతే మా అమ్మ చూసిన సంబంధానికి తలూపేస్తాను" అన్నాడంట. కులం ఒకటే, ఊరు పక్కదే. అడ్డమేంటంటే, ఆవిడ మొగుడు పోయి నాలుగేళ్ళైంది. మొగుడు పోయిన పిల్ల అత్తారింట్లో చాకిరీ చెయ్యొచ్చుగానీ, ఫోను చెయ్యకూడదు కదండీ మరి!

ఇలా ఉండగా ఏమైందంటే, ఆ శ్రావణంలోనే ఆవిడ బావగారు, అంటే పోయిన మొగుడి అన్న, గంగరాజు మూడో పెళ్ళికి తయారయ్యాడు. యాభై రెండేళ్ళోడు. పెద్దపెళ్ళాం కామెర్లతో పోయింది, రెండోది పాముకరిచి పోయింది. ఎవరూ తప్పనలేదు. "మగోడు, అన్నం ఎవరు వండిపెడతారు పాపం" అన్నారంట. నాలుగేళ్ళుగా వండిపెట్టేది నాగవేణే అనుకోండి, ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. పంతులుగారు మాత్రం, మూడో పెళ్ళి అచ్చిరాదు, ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టించండి, కీడంతా చెట్టుకి పోతుంది, అప్పుడు అసలు పెళ్ళికూతురు నాలుగోదవుతుంది అన్నారు. నవ్వకండి, ఉన్న ఆచారమే. అసలు పెళ్ళికి రెండ్రోజుల ముందు దొడ్లో జిల్లేడు మొక్కకి రవికెలగుడ్డ చుట్టి, పసుపు రాసి, బొట్టెట్టి, మొదట్లో ఇంత బెల్లమ్ముక్క పెట్టారు. అత్త బుల్లెమ్మ, "ఒసే, బిందెడు నీళ్ళు పోసేసి చాటుకెళ్ళిపో, ముహూర్తానికి ఎదురుపడకు. ఎంతైనా నీ తోడికోడలు, చల్లగా ఉండాలి" అందంట. మొక్కకి బొట్టు, మనిషికి చాటు! నాగవేణి బిందె దింపి, ఏమనుకుందో ఏమో, పంతులుగార్ని అడిగేసింది, మొగుడు పోయినోళ్ళకి ఏ చెట్టూ లేదాండీ అని. ఆయన, శాస్త్రంలో రాయలేదమ్మా అన్నారు. "రాసినాయనకి పెళ్ళాం పోయుంటుంది, అందుకే మగోళ్ళకి చెట్టు గుర్తొచ్చింది" అంది నాగవేణి. "నోర్ముయ్! ఇంకో మొగుడు కావాలేంటే నీకు?" అని బుల్లెమ్మ ఇంతెత్తున లేచింది. నాగవేణి లోపల అవుననే అనుకుంది. పైకి మాత్రం ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తాళి కట్టాడు గంగరాజు, అక్షింతలేశారు, భోజనాలకి కూర్చున్నారు. ఈలోగా మేకొచ్చి పెళ్ళికూతుర్ని తినేసింది. మేక జిల్లేడు ముట్టదంటారు, నిజమే, కానీ బెల్లం వాసన కదా! సగం నమిలి, తాళి పక్కన ఉమ్మేసింది. నాగవేణి చూసి పందిట్లోకొచ్చి, "అత్తయ్యా, మీ పెద్దకోడలు పోయింది. పదకొండు రోజులు మైల కదా, మరి ఎల్లుండి పెళ్ళెలాగ?" అందంట. ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగింది. నాలుగేళ్ళ క్రితం మైలలన్నీ పూస గుచ్చినట్టు చెప్పి, ఈవిడ చేత పట్టించినోళ్ళు వీళ్ళే మరి. పంతులుగారేమో "చెట్టుకి మైలేంటమ్మా?" అన్నారు. "పిచ్చిమొహమా, చెట్టే కదే!" అంది బుల్లెమ్మ. చెట్టే, చెట్టే అంది పందిరంతా. పొద్దున్న పెళ్ళాం, మధ్యాన్నానికి చెట్టు. నాగవేణి అక్కడే నిలబడి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ మొహాలు చూసింది. ఇన్నాళ్ళూ ఈ ఆచారమంటే ఏదో కదలని కొండరాయి అనుకుంది. తీరా చూస్తే పీట! ఎవరికి కావాల్సిన చోటికి వాళ్ళు జరుపుకుని కూర్చుంటున్నారు.

కొంగుకి చెయ్యి తుడుచుకుని, గూట్లోంచి ఫోను తీసింది. "ఎవరికే?" అంది బుల్లెమ్మ. "తాతబ్బాయికి" అంది, అందరూ వినేలాగే.

తర్వాతేమైందని నన్నడక్కండి, అది వాళ్ళిద్దరి మాట. బుల్లెమ్మ మటుకు ఇప్పటికీ ఎవరు కనపడినా, "ఆ వేళ మేకని కట్టేసుంటే మా ఇల్లు ఇలా అయ్యేది కాదమ్మా" అంటుందంట.