అన్న పోయాక చెప్పిన పాఠాలు

ఎదురు మేడ మీద గదేనా నువ్వు అద్దెకు దిగింది? గోడల నిండా అలమరాలెందుకంటావా? ఆ జిగురు డబ్బా జరిపి కూర్చో, చెప్తాను. అక్కడ హదీసు పెద్దాయన ఉండేవాడు. హదీసంటే ప్రవక్తగారి మాట. మాట తెలిస్తే చాలదట, ఎవరి నోట విన్నావు, ఆయనెవరి నోట విన్నాడు అని వెనక్కి వెళ్లాలట. మధ్యలో ఒక్కడు మతిమరుపు మనిషైనా ఆ మాట పక్కన పెట్టేస్తారు. మన వీధికి ఆ పద్ధతి పెడితే నోరు తెరిచే అర్హత ఒక్కడికీ ఉండదు, మా ఆవిడతో సహా. ఎప్పుడో పోయినవాళ్ల జ్ఞాపకం ఎప్పటిదాకా గట్టిగా ఉందో తేల్చడమే పెద్దాయన పని. "ఈయన ముసలితనంలో తడబడ్డాడు, అంతకుముందు చెప్పిందే చెల్లుతుంది" అని మొహమాటం లేకుండా రాసేవాడు. ఆ పుస్తకాలకు అట్టలు కట్టింది నేనే. చచ్చినవాళ్లనీ వదలరేమండీ అంటే, నువ్వు బతికున్నవాళ్లను వదులుతున్నావా అనేవాడు.

అలాంటాయన ఒకరోజు పాఠంలో ఒక గురువు దగ్గర విన్నది ఇంకో గురువు పేరు మీద చెప్పాడు. శిష్యులు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. పక్క గదిలోంచి ఆయన భార్యే, పేరు తప్పిందండీ అంది. ఈయన పుస్తకం మూసి, ఇలా ఎన్నాళ్ల నుంచి అన్నాడు. వంచిన తలలు ఇంకాస్త వంచారు వాళ్లు. గౌరవమట. ఇంటింటికీ వెళ్లి అడిగినా, అబ్బే, మీరు అలిసిపోయారంతే అన్నవాళ్లే. కన్నకొడుకూ అంతే. ఆఖరికి నా కొట్టుకొచ్చాడు.

"నా వెనకాల నిజం మాట్లాడేది ఈ వీధిలో నువ్వొక్కడివే. ఎప్పటి నుంచి తేడా వచ్చింది నాకు?"

దాచేదేముంది, అప్పటికే అందరికీ చెప్పేశాను. మీ అన్నగారు పోయినప్పటి నుంచండీ, అట్ట కట్టిన పుస్తకాన్నే మళ్లీ అట్టకు తెచ్చారు అన్నాను. నా ఒక్కడి మాట తీసుకుంటాడా? పాలవాణ్ణి అడిగాడు. వాడూ అదే అన్నాడు. కళ్లారా చూశావా అంటే, ఈయన చెబితే విన్నానని నన్ను చూపించాడు, దద్దమ్మ. వాడి మాట కొట్టేశాడు. మందుల షాపాయన మాత్రం నేల చూస్తూ, పోయిన అన్నగారి మందులు కొనడానికి వచ్చారండీ అన్నాడు. అది చెల్లింది.

మర్నాడు శిష్యులందరినీ పిలిపించాడు. మా అన్న పోయాక నా దగ్గర విన్నది ఎవరూ నా పేరు మీద చెప్పకూడదు, పాఠం చెప్పుకోవచ్చని ఆ తర్వాత నేనిచ్చిన అనుమతి కాగితాలు చింపేయండి అన్నాడు. కొడుకు చదువంతా ఆ తర్వాతదే. అంతకుముందు వ్యాపారం అంటూ ఊళ్లు తిరిగాడులే, మహానుభావుడు. వాడు లేచి, "నాన్నా, నాదీనా?" అన్నాడు.

"ముందు నీదే."

కొడుకు అక్కడే చింపాడు. నెరిసిన గడ్డంతో వేరే గురువు దగ్గర మొదటి పాఠం నుంచి మొదలెట్టాడు. వాడు చదువు ముగించి వచ్చేసరికి పెద్దాయనకు వాడెవరో గుర్తులేదు. వాడు ఎదురుగా కూర్చుని ఒక హదీసు వినిపిస్తే, ఎవరి నోట విన్నావు బాబూ అని అడిగాడట. గురువు పేరు చెప్పాడు. ఆయన జ్ఞాపకం గట్టిదేనా అన్నాడట. గట్టిదేనండీ అన్నాడు వీడు. పెద్దాయన బట్టలు సర్దుకుని, శిష్యుడిలా మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, "అయితే నాకూ చెప్పు" అన్నాడట...

ఆ కిటికీ మూసిరా, కాగితాలు ఎగిరిపోతున్నాయి.