పొయ్యి ఆపినంక వేసే హాప్స్

హలో… నేనే. ప్రసన్నలక్ష్మిని, తుక్కుగూడ నుంచి.

…నెంబర్ మారలే సంయుక్తా. నువ్వే నా పేరు తీసేసినట్టున్నవ్, గందుకే పడలే.

ప్రసన్నలక్ష్మిగారా? ఇదేంది, ఈ గారు ఎప్పటిసంది? నాలుగు నెలల కింద దాక అక్కా అంటుంటివి… సరే, అను. గారంటే నాకేం బరువా.

—పెట్టెయ్యకు. రెండు నిమిషాలు విను. కొట్లాడనీకి చెయ్యలే. కొట్లాడే తీరిక గూడ లేదు, పొయ్యి మీద ఇరవై ఐదు లీటర్లు మరుగుతున్నయి.

…ఆ, బీరే. పేల్ ఏల్. మనం చేసేదే, ఇంగ్లీషోళ్ల తీరుది.

…ఒక్కదాన్నే. ఎవరితోని చేస్త మరి, నువ్వు నీ సగం బీరు సామాను కట్టుకొని పోయినంక?

అది గాదు. నీ దగ్గర గోల్డింగ్స్ హాప్స్ ఉన్నయా? …గోల్డింగ్స్. ఆనాడు నా ఫ్రిజ్‌లకెల్లి తీస్కపోయినవ్ చూడు, హాప్ పూలు దంచి చేసిన ఆకుపచ్చ గోలీల ప్యాకెట్, నూరు గ్రాములది.

…తెచ్చుకున్న. కొత్త ప్యాకెట్ తెచ్చుకున్న. తెచ్చుకోలేదని ఎవరన్నరు?

…మేకలు తిన్నయి.

మేకలు. మా వెనకింటి యాదయ్య మేకలు… నవ్వకు. నవ్వుతున్నవ్, నాకు వినబడుతుంది.

ఏం జరిగిందంటే… బార్లీ మాల్ట్ నానబెట్టి వడగట్టినంక పిప్పి మిగులుతది కదా, గది ఎప్పుడూ యాదయ్య మేకలకే. మా అత్తమ్మనే తీస్కపోయి పెడుతది… ఆ, దుర్గవ్వనే. నాకు ఇంకెంతమంది అత్తలున్నరు? ఇయ్యాల పొద్దుగాల నేను తానానికి పోయిన. పోయేముందు గోల్డింగ్స్ తూకమేసి రెండు గిన్నెల్ల పెట్టిన. ఆఖరి పావుగంటకు ఒక గిన్నె, పొయ్యి ఆపినంక వెయ్యనీకి ఒక గిన్నె. బయటికొచ్చి చూస్తే రెండు గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నయి.

…ఏమంటది? గోలీల దాణా అనుకున్న బిడ్డా, పిప్పిల కలిపి పెట్టిన అన్నది.

…ముందుగాల మూతి తిప్పినయంట. పిప్పి రుచికి మెల్లగ లాగించినయంట. ఇప్పుడు నాలుగూ రేకుల కింద పండుకున్నయి. మా మేకలకు ఏం పెట్టినరని యాదయ్య వచ్చి అడిగిండు. నిద్రకు మంచిదని చెప్పిన… అబద్ధమేముంది అందుల?

ఇప్పటిదాకనా? ఫగుల్ హాప్స్ ఒక్కటే పడ్డయి. యాభై గ్రాములు, మరుగు షురూ కాంగనే, చేదు కోసం.

…నాకు తెల్వదా సంయుక్తా? గంటసేపు మరిగినదానికి చేదే మిగులుతది, వాసనంత ఆవిరిల పోతది. గందుకే ఆఖర్ల గోల్డింగ్స్ కావాలంటున్న. అవి పడకుంటే ఇది బీరు గాదు, జ్వరమొస్తే తాగే కషాయం.

…ఉన్నయి. నీ అమెరికా హాప్స్ ఉన్నయి, మామిడికాయ వాసన కొట్టేటియి. డీప్ ఫ్రీజర్ల మర్చిపోయి పోయినవ్.

…వెయ్య. దాన్ని పట్టుకొనే కదా ఇంత దూరమొచ్చింది.

గుర్తులేక ఏం? పహాడీ షరీఫ్ అవతల ఆ ఫామ్‌హౌస్‌ల, మన తీరుగనే ఇంట్ల బీరు చేసేటోళ్లు పదిహేనుమంది ముంగట మన గ్లాసులు పెట్టినం. ఆ బీరు కాసేటప్పుడు నాకు ఒక్క మాట చెప్పకుండ నువ్వు ఆఖర్ల ఆ మామిడి హాప్స్ గుమ్మరించినవ్. నేను నోట్ల పోసుకొని, ఇది బీరా పచ్చిమామిడి షర్బతా అన్న.

…అన్న. అందరూ నవ్వేటట్టు అన్న. గది నా తప్పే, పక్కకు పిలిచి చెప్పాల్సింది. నాలుగు నెలలసంది ఒప్పుకుందామనే ఉన్నది, ఇయ్యాల ఒప్పుకుంటున్న.

మరి నువ్వేమన్నవ్?

…

చెప్పవ్. నేనే చెప్త. ‘కల్లు అమ్ముకునేవాళ్ళింట్లో నాలుకకి ఇంతకన్నా ఏం తెలుస్తుంది’ అన్నవ్. అందరూ నవ్వుడు ఆపేసినరు.

—ఆగు, విమానం పోతుంది… ఆ, ఇప్పుడు చెప్పు.

…

అవును, అమ్మింది. ముప్పై ఏండ్లు అమ్మింది మా అత్తమ్మ. ఆ కల్లుతోనే మా ఆయన చదువుకున్నడు. కుండ మూతికాడ ముక్కు పెట్టి అది ఏ చెట్టు కల్లో చెప్పేది. మన మొదటి బీరు పులిసిపోయిందని సీసా తెరవంగనే చెప్పింది ఎవరు? నీ థర్మామీటరా?

…సంయుక్తా? ఉన్నవా?

…జలుబా. గింతసేపు లేని జలుబు ఇప్పుడే వచ్చిందా?

లేదు, ఆమెకు ఆ మాట చెప్పలే… ఎట్ల చెప్త? మీ సంయుక్త వస్తలేదేందే అని వారం వారం అడుగుతది. బ్యాంకుల పని జాస్తి అయిందని చెప్పుకుంట వస్తున్న.

…వద్దు. నువ్వు గూడ చెప్పకు. నీ మనసు తేలిక చేసుకోనీకి ఆ బరువు ఆమె నెత్తిన పెట్టకు. తప్పైందని నాకు చెప్పినవ్ కదా… ఆ, విన్న. బరాబర్ విన్న. ఇగ చాలు.

…ఏమన్నవ్? మల్ల అను.

…ఏం లేదు. అక్కా అన్నట్టు వినబడ్డది, అందుకని.

ఇగ చెప్పు, గోల్డింగ్స్ ఇస్తవా? గంటల ఇప్పటికే ముప్పై నిమిషాలు అయిపోయినయి… అయిపోయినయా? నూరు గ్రాములూ? దేంట్ల ఏసినవ్?

…పేల్ ఏల్ చేసినవా? నువ్వా? మామిడి లేకుండనా?

…నేను రాసిచ్చిన లెక్కనేనా? నువ్వే కదా ఆ లెక్క ముసలోళ్లకంటివి.

ఆగాగు, సక్కగ చెప్పు. పావుగంట ముందు ఎంత ఏసినవ్? …పొయ్యి ఆపినంక? …నలభై. మూత పెట్టి ఎంతసేపు ఉంచినవ్? …ఇరవై నిమిషాలు. మరి అట్లనే చెయ్యాలె. నేను మూడేండ్లు చెప్తే వినలే, నేను లేకుంటే విన్నవ్.

ఎట్లొచ్చింది? …తాగలేదా? ఆరు వారాలసంది సీసాలు మంచం కింద పెట్టుకొని ఒక్కటి గూడ తెరవలేదా?

…ఎందుకని?

…

సరే. ఇగ అడగను. నాకు సమజైంది.

…నేనా? ఇయ్యాలనే ఎందుకంటే… ఊరికే. బుద్ధి పుట్టింది, పెట్టిన.

…మీ బ్యాంకు కాడ సెక్యూరిటీ మధు లేడూ, గాయన చెప్పిండు. నీకు నాగ్‌పూర్ బదిలీ అయిందంటగ. ఇరవై తొమ్మిదిన పోతున్నవంటగ. నాకు మధు చెప్పాల్నా సంయుక్తా? నా డ్యూటీల, విమానాశ్రయం కార్గో గేటు కాడ, ఇరవై లారీల మధ్యల నిలబడి ఫోన్ల విన్న ఆ మాట.

…అదే చెప్తున్న. ఇయ్యాల ఒకటో తారీఖు. పులియనీకి పన్నెండు దినాలు, సీసాలల్ల పదిహేను దినాలు. ఇయ్యాల పొయ్యి మీద పెట్టకుంటే నువ్వు పోయేలోపల అందదు.

…నీ కోసం కాకుంటే ఇంకెవరి కోసం? మేకలకా?

మల్ల జలుబు మొదలుపెట్టకు. బండి తియ్యి. శంషాబాద్‌ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఇరవై నిమిషాలు. నువ్వొచ్చేసరికి పావుగంటది దాటిపోతది, దాన్ని ఇడిసిపెడదాం. పొయ్యి ఆపి, జర వేడి తగ్గినంక ఒక్కసారే వేసి మూత పెడదాం.

…ఏమేస్తమా? నీ మామిడే. ఇంకేమున్నది ఇంట్ల?

…ఆ, నేనే అంటున్న. ఫగుల్ చేదు మీద అది ఎట్ల కూసుంటదో నాకు గూడ చూడబుద్ధైతుంది. జర తక్కువ ఏస్తే అంత వాసన కొట్టదేమో… నలభయా? నీకేమన్న పిచ్చి లేసిందా? ఇరవై.

…ఇరవై.

…ముప్పై. ముప్పై దాటితే నిన్ను నాగ్‌పూర్ దాక నడిపిస్త.

—ఉండు, అత్తమ్మ అడుగుతుంది. …సంయుక్త, అత్తమ్మా. ఆ, ఇప్పుడే బయలెల్లుతుంది.

…బువ్వ తిని రావద్దంటుంది. చేపల పులుసు చేసిందంట.

విను, వచ్చేటప్పుడు ఆ మంచం కిందియి రెండు సీసాలు తే. మొదటి గ్లాసు అత్తమ్మ చేతిల నువ్వే పెట్టు. ఎట్లున్నదో నువ్వే అడుగు.

…బాగలేకుంటే బాగలేదనే అంటది, నీ మొఖం మీదనే. భయమైతుందా?

…మంచిగైంది. భయపడుకుంటనే రా. పెడుతున్న.