లచ్చిరాం గారి రైలు, నా బల్ల కాళ్లు

సభాధ్యక్షులు పగిడయ్య గారికి, ముందు వరుసలోని పెద్దలకు, గనిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మిత్రులకు, చివరి వరుసలో ఇంకా మాట్లాడుకుంటున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. వాళ్లు ఆపితే నేను మొదలుపెడతాను. (నవ్వులు)

ఇవాళ మనం సన్మానిస్తున్న లచ్చిరాం గారు ముప్పై ఆరేళ్లు నడిపిన బొగ్గు రైళ్ల గురించి ఆయన తోటివాళ్లు చెప్పారు. నేను ఆయన చిన్న రైలు గురించి చెబుతాను. నాలుగేళ్ల కిందట మా మనవరాలు హర్షితకు బొమ్మరైళ్ల మీద మనసు పడితే, ఇల్లంతా పట్టాలు పరచనివ్వనని ఖండితంగా చెప్పి, ఆ మాట ఇంట్లో బొమ్మరైలు నడుపుకునే ఆయనతో కూడా చెప్పించడానికి పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన నా పక్షం వహించలేదు.

"ఇల్లంత ఎందుకమ్మా, నాలుగడుగుల బల్ల ఒక్కటి చాలు. మీది మీరు చెయ్యున్రి, నాది నేను చేస్త. కలిసిననాడు బోల్టులు బిగించి ఒక్క లైను చేద్దం" అన్నారు.

"బల్ల మీద ఏం కట్టాలి?" అన్నాను.

"నడిమిట్ల మీ ఇష్టం. కొండ పెట్టున్రి, గని పెట్టున్రి. కొసలు మాత్రం అందరియి ఒక్కతీరుగుండాలె. నేలకెల్లి మీటరు ఎత్తు, పట్టాలు సరిగ్గ నడుమ."

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన నేను, కొత్తవాళ్లకు ఇంత సూటిగా ఒక్క పాఠమైనా చెప్పానా అని ఇప్పటికీ అనుమానమే. నేను పెరిగిన కుసుమంచికి రైలు లేదు. నా బల్ల మీద ఆ ఊరికి స్టేషన్ కట్టుకున్నాను. ఆయన మాట మీద తలా ఒకటి చేసిన మన తొమ్మిది బల్లలూ అలా తయారైనవే.

నిరుడు ప్రదర్శనలో దేవ్లా బల్ల నుంచి నా బల్ల మీదికి వస్తూ ఇంజను పక్కకు పడిపోయింది. దేవ్లా గనిలో ఫిట్టరు, నా విద్యార్థి. అందరి ముందూ నేనన్న మాట ఇది: "నీకు అప్పుడూ కొలత రాలేదు, ఇప్పుడూ రాలేదు. నీ బల్ల మూడు మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువుంది, కాళ్లు కోసుకు రా." అతను "సరే టీచరమ్మా" అని బల్ల ఇంటికి తీసుకుపోయి నిజంగానే కోశాడు. తరువాత అది ఎవరి బల్లకూ కలవలేదు. అతను రావడం మానేశాడు.

ఆ రోజు లచ్చిరాం గారు నా బల్ల నాలుగు కాళ్ల కిందా అట్టముక్కలు పెట్టి, "నేల సమంగ లేదమ్మా" అన్నారు. నేను నమ్మాను. పోయిన ఆదివారం హర్షిత స్టీలు టేపు తెచ్చి నేను బల్ల కొలిచిన చెక్క మీటరు బద్ద పక్కన పెట్టింది. తరగతి గదుల నేల మీద నిలబెట్టి నిలబెట్టి దాని అడుగు అరిగిపోయింది. సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. అంటే ఎత్తు తక్కువున్నది నా బల్లే.

మీకు తెలుసా అని లచ్చిరాం గారిని అడిగాను. "ఎర్కేనమ్మా. మీరే ఎప్పుడన్న కొలుస్తరని ఊకున్న" అన్నారు. ఇంత మర్యాద నేను మరొకరిలో చూడలేదు. కానీ ఆ మర్యాద దేవ్లాకు ఏడాది నష్టం చేసింది. అక్కడ ఆయనకు మార్కులు తగ్గిస్తున్నాను. (నవ్వులు) నాకైతే సున్నా.

శాలువా వద్దు, తొమ్మిది బల్లలూ ఒక్కసారి కలిపి నడపాలని ఉందన్నారాయన. వరండాలో ఎనిమిది ఉన్నాయి. దేవ్లా, గుమ్మం దగ్గర నిలబడ్డావు, నాకు కనిపిస్తున్నావు. ఆ రోజు నీ కొలత సరైనది. తప్పు నాది. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను.

(గుమ్మం దగ్గర నుంచి: "కాళ్లు కోసేస్తి గద టీచరమ్మా, ఇగ ఏం చేస్తం?")

మూడు మిల్లీమీటర్ల చెక్కలు నాలుగు కోయించి తెచ్చాను. స్టీలు టేపుతోనే కొలిచాను. మీ ఇంటామె నీ బల్లను ఆటోలో ఎక్కించి ఇక్కడికి పంపింది. దాని మీద కోళ్లు పడుకుంటున్నాయట, నువ్వు కట్టిన గని మాత్రం చెక్కుచెదరలేదు. (నవ్వులు) స్క్రూలు నువ్వు బిగించు, చెక్కలు నేను పట్టుకుంటాను. నా మోకాళ్లు ఇంకా వంగుతాయి.

అధ్యక్షులవారూ, మిగిలిన కార్యక్రమం పావుగంట ఆగాలి. లచ్చిరాం గారూ, మీరు ఇంజను దగ్గరికి వెళ్లండి. ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. నాకు కింద పనుంది, సెలవు.