డాక్టర్ వెర్నెల్‌కి గుచ్చిన తెల్ల రిబ్బను

ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. మన చర్చి నూరేళ్ల పుస్తకానికి ఇదా నువ్వు రాసింది? "డాక్టర్ వెర్నెల్ ఓగ్లెస్బీ ఉత్తరాది పెద్ద యూనివర్సిటీలో చదువుకుని, మళ్లీ మన వీధి మొహం చూడలేదు." ఎవడు చెప్పాడమ్మా నీకు? ఆనాటి చర్చి పెద్ద, డీకన్ మేబ్రీ మనవడేగా? అనుకున్నా! అచ్చం తాత నోరే వాడికి. కూర్చో తల్లీ, కూర్చో, ఆ పీచ్ పళ్ల కేకు ఇంకో ముక్క తిను. కోపం నీ మీద కాదు.

ఆవిడ వచ్చింది. పంతొమ్మిది వందల అరవై మూడు ఆగస్టు, ఒళ్లు పేలిపోయే ఆదివారం. అప్పట్లో మన నల్లవాళ్లకి ఈ ఊళ్లో డాక్టరే లేడు. జ్వరమొస్తే తెల్లవాళ్ల ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర పడిగాపులు. మా చెల్లెలు అక్కడే నిలబడి నిలబడి... సరే, అదిప్పుడెందుకులే. వెర్నెల్ మన పాస్టరు గారికి ఉత్తరం రాసింది, చర్చి కింది గదిలో దవాఖానా పెడతానని. దానికి మేబ్రీ ఏమన్నాడో తెలుసా? గొంతు సాగదీసి, "ఆహా, ఉత్తరాది నుంచి దొరసాని వచ్చి మనకి చేతులు కడుక్కోవడం నేర్పుతుందట!" అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

వచ్చిందా, తల మీద హ్యాటు లేదు! ఆదివారం పూట, ఆడవాళ్లు హ్యాటు లేకుండా గుడి మెట్టెక్కని రోజుల్లో! ఆడవాళ్లు మెడలు తిప్పి తిప్పి చూశారు. తిన్నగా వెళ్లి వాళ్ల నాయనమ్మ కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఇక అతిథుల్ని లేపి పేరూ, సొంత చర్చీ చెప్పించే వేళయింది. వాళ్లకి తెల్ల రిబ్బను గుచ్చుతాం కదా, ఆ పని నాది. నాకు పంతొమ్మిదేళ్లు, చేతులకి తెల్ల గ్లవ్సు, పెద్ద మొనగాణ్ణి. మేబ్రీ చెవిలో ఊదాడు, "ఆవిడక్కూడా గుచ్చరా." గుచ్చాను. ఇదే చర్చిలో, ఆ తెర వెనక తొట్టిలో బాప్తిస్మం తీసుకున్న మనిషికి!

లేచింది. "నా పేరు వెర్నెల్ ఓగ్లెస్బీ. నా చర్చి..." అని ఆగింది. విసనకర్రలన్నీ ఆగిపోయాయి. నూటయాభై మందిమి. ఒక్కడన్నా, ఒక్కడన్నా "ఇదేనమ్మా నీ చర్చి" అన్నాడా? కూర్చుంది. ప్రార్థన అయ్యేదాకా ఉంది, అందరితో కలిసి పాడింది, వెళ్లిపోయింది. నలభై మైళ్ల అవతల, మనవాళ్ల మధ్యే ముప్పయ్యేళ్లు వైద్యం చేసింది. సిగ్గులేని మనం బస్సెక్కి అక్కడికే పోయాం! ఈ మేబ్రీ మనవడు భూమ్మీద పడింది ఎవరి చేతుల్లో అనుకున్నావ్? వాడా అనేది, మర్చిపోయిందని?

కొట్టెయ్యి ఆ ముక్క. 'మన సభ్యురాలు' అని రాయి. రిబ్బను గుచ్చింది ఎజ్రా క్లెమెంట్ టూల్స్ అని నా పేరు పెట్టి రాయి. ఎందుకు మావయ్యా అంటావేంటి? డీకన్ చెప్పాడు కాబట్టి గుచ్చానని అరవయ్యేళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. గుమ్మంలో నన్ను పలకరించినప్పుడు ఆవిడ ఉత్తరాది చదువుల మాటతీరు విని నాకే ఒళ్లు మండింది. అదీ రాయి.

రాయమన్నానా!