మల్శెట్టి షావుకారి సదివింపులు

తాగి చెప్పిన్నా? గా మాట ఎవడన్నడు సార్? పొద్దుగాల పదిగంటలకు, తాండూరు అంగట్ల, ఖాళీ కడుపు మీద డప్పు కొట్టిన్నేను. కల్లు సుక్క ముట్టలే. నా పెండ్లాం మార్తనడుగుండ్రి, యేసుప్రభువు సాక్షిగ చెప్తది.

ఇగ గీ కాగితం మీద ఏలిముద్ర ఎట్లెయ్యాలె నేను? ‘సాటింపు బిచ్చయ్య తాగి వాగిండు’ అని రాస్తిరి. ఏస్తే మీరు గుంజుకున్న నా డప్పు నాకిస్తరు, సాటింపు పని నాకుంటది. ఎయ్యకపోతే రెండూ పాయె. గంతే గద? గీ ముక్క కోసం వికారాబాద్ల మీ కచేరి దాంక రైలెక్కిచ్చిండ్రు నన్ను!

జర వినుండ్రి. మొదటి నుంచి చెప్త.

రెండేండ్ల కింద సర్కారు పంటల సారొచ్చిండు. నర్సింహులు పటేలు చేన్ల రెండు మడులు కంది పెట్టిచ్చిండు. ఒక మడికి మల్శెట్టి షావుకారి అమ్మే కొత్త ఎరువు, ఇంకో మడికి ఉత్త పశుల పెంట. ఎరువేసిన మడిల రెండింతలు పండిందని కాగితం రాసిండు. ఇగ ఈ ఏడు నన్ను పిలిచి, అంగడి నాడు సాటించు బిచ్చయ్యా అన్నడు.

నాకు సదువు రాదు. సారు మూడుసార్లు చెప్తే మనసుల పెట్టుకున్న. ‘కొత్త ఎరువేస్తే కందులు రెండింతలు. సర్కారు సారు పరీక్ష చేసి చూసిండు. సంచులు మల్శెట్టి షావుకారి దుకాన్ల దొరుకుతయి.’ గిట్లనే చెప్పిన సార్, ఒక్క ముక్క తప్పలే. గా ఎనుకనే నోరాగలే.

మా దిక్కు పెండ్లయితే కట్నాలు సదివేటోన్ని నేనే. ‘కుల్కచర్ల హన్మయ్య మామ కంచు చెంబు సదివిచ్చిండూ!’ అని అరిస్తే పందిరంత ఇనాలె. చిన్నదైనా పెద్దదైనా, ఇచ్చినోని పేరు మింగితే కొట్లాటలే! ముప్పై ఏండ్ల అలవాటాయె. పేరు సదవకుంట డప్పు దించితే తిన్నది అరగదు నాకు.

గందుకని సదివిన. ‘పరీక్షకు ఎరువు సంచులు, మల్శెట్టి షావుకారి సదివిచ్చిండూ! సారు జీపుల పెట్రోలు, మల్శెట్టి షావుకారి సదివిచ్చిండూ! సారుండే ఇంటి కిరాయి, మల్శెట్టి షావుకారే! కాగితాలు అచ్చేసిన ఖర్చు, అదీ ఆయనే!’

నాకెట్ల తెలుసు అంటరా? సంచులు మోసింది నేను. పెట్రోలు డబ్బా పట్టింది నేను. ఇంటికి సున్నమేసింది మార్త. అచ్చు కాగితాల కట్ట షావుకారి దుకాన్లకెల్లి తెచ్చింది మల్ల నేనే. పెద్దోల్లు ఖర్చు పెడ్తే మోసుడు మా నెత్తి మీదనే గద సార్!

అంగడంత ఒకటే నవ్వుడు. మేకల బీరప్పయితే ‘ఏం బిచ్చయ్యా, గీ పరీక్ష పిల్ల తరపా, పిల్లగాని తరపా?’ అన్నడు. నవ్వుకుంటనే ఇంకో మాట అడిగిండు. ఎరువేసిన మడి ఏ దిక్కుందని. వాగు పక్కకన్న. మరి ఉత్త పెంటేసింది? గుట్ట మీద అన్న. అడిగితే చెప్పద్దా? ఇగ సంచులు కొననీకె రుమాల్ల పైసల మూట ఇప్పినోల్లంత మల్ల ముడేసుకున్నరు.

నేను పరీక్ష అబద్దమన్లే సార్. కందులు మంచిగనే కాసినయి, నా కండ్లతోని చూసిన. షావుకారి పైసలిచ్చుడు తప్పన్లే. కట్నమిచ్చుడు తప్పెట్లయితది? ఇచ్చి కూడా పేరొద్దనేటోన్ని మాత్రం మా దిక్కు ఎన్నడు చూడలే. బీరప్ప ఉన్న నాలుగు మేకలమ్మి సంచులు కొననీకె వచ్చిండు. ఎవరి పైసలతోని చేసిన పరీక్షనో వానికి తెల్వద్దా?

ఏమంటిరి? తాగిండనే మాట కొట్టేస్తరా? ‘అలవాటుల నోరు జారింది’ అని రాస్తరా? అయ్యో, మీరు మస్తు మంచోల్లు సార్! డప్పు గూడ ఇయ్యాల్నే ఇస్తరా!

...జరాగుండ్రి. బొటనేలు ముందుకు వస్తలేదు సార్.

అదీ అబద్దమే. అలవాటూ గాదు, ఏం గాదు. ఎనిమిది దినాల ముందుకెల్లే మనసుల వరుస పెట్టుకున్న. సంచులు ముందు సదవాల్నా, పెట్రోలు ముందు సదవాల్నా అని. మార్త ముంగట రెండుసార్లు సదివి గూడ చూపిచ్చిన. అది పొయ్యికాడ కూసోని అంత ఇన్నది. ఇని, ‘అందరియి సదివినవు, నీ అంగి సదవలేదేంది?’ అన్నది.

గీ అంగే సార్. గట్టిగ సాటించమని షావుకారి కొనిచ్చిండు. నా బతుకుల కొత్తంగి పెండ్లప్పుడొకటి తొడిగిన, మల్ల ఇదే. నోర్ముయ్యే అన్న దాన్ని. అంగట్ల అన్ని సదివిన, గదొక్కటి మింగిన. గా దినం నుంచి మార్త నా మొకం సక్కగ చూస్తలేదు. నాకే సిగ్గయితుంది.

రాయుండ్రి. బిచ్చయ్య తాగలే. కావాల్నని సదివిండు. బిచ్చయ్య ఒంటి మీది అంగి, మల్శెట్టి షావుకారి సదివిచ్చిండు. రాసిండ్రా? ఏదీ, గా సిరా ఇటియ్యుండ్రి.

డప్పు మీకాడనే ఉండనియ్యుండ్రి సార్. కట్నాలు సదవనీకె గొంతు చాలు.