ఒక్క ట్యాంకుతో తిజిక్జా దాకా

"బండి కొనడం ఎవడైనా కొంటాడు అల్లుడూ, దాని మనసు తెలుసుకోవడం ఎంతమందికి వచ్చు చెప్పు?" అన్నాడు లారీ హమూదీ, నీలం అంగీ చేతులు రెండూ భుజాల మీదికి ఎగమడుచుకుంటూ. అలా మడిచాడంటే కోతలు మొదలైనట్టేనని అతార్ ఊళ్ళో అందరికీ తెలుసు.

యెస్లెంకి మాత్రం తెలీదు. అతనిది ఆ ఊరు కాదు. ఉత్తరాన ఇనుప గనుల్లో పనిచేసే కుర్రాడు, పాతికేళ్ళు నిండలేదు. నిన్న మధ్యాహ్నమే ఈ ఊళ్ళో దిగి ఈ బండి కొన్నాడు. ఎడారుల్లో తిరగడానికే పుట్టినట్టుండే పొడుగుకాళ్ళ మోటారు సైకిలు. ఎవరో పరదేశి సముద్రం దాటించి తెచ్చి, ఇక్కడే అమ్మేసి పోయాడట. తర్వాత బూనా అనే ఆయన కొనుక్కున్నాడట. ఆయన పోయాక రెండేళ్ళుగా ఆయన భార్య సల్కా ఇంటి వాకిట్లో పట్టా కప్పుకుని నిలబడి ఉందట. ఎలా పోయాడని యెస్లెం అడగలేదు. అడిగే మనసు అతనికెక్కడిది? పురిటికని తిజిక్జాలో పుట్టింటికి వెళ్ళిన భార్యకి కొడుకు పుట్టి ఇవాళ్టికి అయిదో రోజు. ఏడో రోజున పొట్టేలుని కోసి పేరు పెడతారు. రోడ్డు దారిన వెళితే రాజధాని మీదుగా చుట్టు తిరిగి, జీపులు నిండేదాకా కాచుకుని, మూడు రోజులు. ఎడారికి అడ్డం పడి పోతే ఒక్క పగలు. రేపు తెల్లారగట్ల బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి కొడుకు మొహం చూడొచ్చు. ఆ మొహాన్ని ఫోన్ వచ్చినప్పటి నుంచీ మనసులో గీసుకుంటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు గీసినా కళ్ళు మాత్రం వాళ్ళమ్మవే వస్తున్నాయి.

వాళ్ళు కూచున్నది దెద్దాహ్ టైర్ల కొట్టు దగ్గర. ముందున్న గోనెల పందిరి కింద దెద్దాహ్ బొగ్గుల కుంపటి మీద టీ కాస్తూ, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ తెప్పిస్తున్నాడు. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. బండి వెనక రెండు పెట్రోలు క్యాన్లు కట్టి ఉన్నాయి, దెద్దాహ్ పోట్లాడి మరీ కట్టించినవి. సల్కా చాప చివర కూచుని ఉంది, నల్లటి ముసుగు అంచు పళ్ళ మధ్య బిగించుకుని. బండి రెండో తాళం ఇచ్చి పోదామని వచ్చిన మనిషి. చేతికి టీ గ్లాసొచ్చాక మూడు విడతలూ అయ్యేదాకా లేవడం అక్కడ మర్యాద కాదు, అందుకని ఉండిపోయింది.

"ఆ పరదేశికి కడుపునొప్పొచ్చి మంచమెక్కాడు," అని అందుకున్నాడు హమూదీ. "'హమూదీ, ఇంజను బిగుసుకుపోతుంది, కాస్త ఊరి చుట్టూ తిప్పి తీసుకురావయ్యా' అని తాళం నా చేతిలో పెట్టాడు. నేను ఎక్కేశానా? ఎక్కలేదు! ఎవరిదో వాడిన బండి, చూసీ చూడగానే కిక్కు కొట్టేవాడు మొరటోడు. పక్కన చతికిలబడ్డాను. ట్యాంకుకి చెవి ఆనించాను. చైను మీద చెయ్యేసి, 'ఎక్కడమ్మా నొప్పి?' అన్నాను. అప్పుడు విప్పింది కదా మనసు! నేను ఎడమకి లాగుతాను మామా అంది. వేడెక్కితే మొదటి కిక్కుకి పలకను, రెండోదానికి అలుగుతాను, మూడోదానికి నవ్వుతాను అంది."

"నిజమే మామా!" యెస్లెం మోకాళ్ళ మీద లేచాడు. "ఎడమకే లాగుతోంది. పొద్దున నడిపి చూశాను."

"ముందు చక్రం వంకర వీధి అవతల నుంచే కనబడుతుంది లేవోయ్," అని గొణిగాడు దెద్దాహ్.

యెస్లెం చెవికి అది ఎక్కలేదు. తాను కళ్ళారా చూసిన ఒక్క సంగతి హమూదీ నోట వచ్చేసరికి, ఇక ఆ నోట్లోంచి ఏది రాలినా అతనికి నిజమే అయిపోయింది.

"ఎక్కాను. ఊరి చుట్టూ తిప్పమన్నాడు కానీ ఏ ఊరి చుట్టూనో చెప్పలేదుగా! హ్యాండిలు తిజిక్జా వైపు తిప్పాను. ట్యాంకు నిండా పెట్రోలు, అంతే. క్యాను లేదు, సీసా లేదు, చుక్క అదనం లేదు. తెల్లవారి నమాజు ఇక్కడ, పొద్దుగూకే నమాజు అక్కడ, ముందు వరసలో! దిగి మూత తీసి చూద్దును కదా, ఇంకా ఓ లాంతరు నింపుకునేంత ఉంది."

"ఒక్క ట్యాంకుతోనా? అంత ఇసకలోనా?"

"ఇసక ఎవడికి అల్లుడూ? బండితో మాట్లాడడం రానివాడికి. నాకు అది పరుపు!"

యెస్లెం బండి వైపు చూశాడు. చూస్తున్నకొద్దీ అది అతని కళ్ళకి పెరిగిపోతోంది. గోడవారన అతని మూట ఉంది. భార్యకి అద్దకం ముసుగులు, అత్తకి కంబళి, పేరు పెట్టే రోజుకి నీలం కాగితం చుట్టిన చక్కెర గడ్డలు. ఆ క్యాన్లు కట్టాక మూటకి చోటు లేకపోయింది. ఉత్త చేతులతో అత్తవారి గుమ్మం ఎలా ఎక్కాలా అని పొద్దుటి నుంచీ ఒకటే బెంగ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" హమూదీ గొంతు తగ్గించాడు. "మధ్య దారిలో తుఫాను లేచింది. ఎర్రటి గోడ, ఆకాశానికి ఆనుకుని. నేను మూడో గేరులో ఉన్నాను, అది నాలుగో గేరులో ఉంది. నేను నాలుగు వేశాను, అది అయిదు వేసింది. ఇక ఇలా కాదని సీటు మీద లేచి నిలబడి, అంగీ విప్పి తెరచాపలా పట్టుకున్నాను. చక్రాలు నేలకి ఆనితే ఒట్టు! చివరికి తుఫానే రొప్పుకుంటూ కూలబడి, 'హమూదీ, ఓ గుక్క నీళ్ళు' అంది."

"ఇచ్చావా?"

"ఇవ్వకేం? దాహమన్నవాడికి నీళ్ళివ్వకపోతే మనం మనుషులమేనా?"

సల్కా చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. ఎవరూ చూడలేదు.

"తుఫాను పక్కకి పోయిందా, దాని కిందున్న ఇసకంతా కూడా పోయింది. అడుగున ఉన్నవాళ్ళందరూ బయటపడ్డారు. తాతలనాటి ఉప్పు బిడారు! ఒంటెల పక్కటెముకలు, వాటి మీద మనుషులు, పెదాలు ఇలా పగిలి, నాలుకలు తోలులా ఎండి. వరసగా నిలబడి, 'హమూదీ, ఊరెంత దూరం?' అని అడుగుతున్నారు. 'దగ్గరే బాబూ, దగ్గరే, పడుకోండి' అని చెప్పుకుంటూ పోయాను. ఒక్కొక్కరికీ చెప్పాలి కదా మరి."

ఇది చెబుతున్నప్పుడు హమూదీ ఎవరి వైపూ చూడలేదు. మాటలు మాత్రం ఆగలేదు.

"ఆ వరస చివర ఒకాయన. తెల్లటి బట్టలు, వాటికి దుమ్ము లేదు. నీడా లేదు. చెయ్యెత్తి బండి ఆపాడు. 'ఎందాకా?' అన్నాను. 'నువ్వెందాకా అయితే అందాకా' అన్నాడు."

"తౌబా! ఆయన జోలి ఎందుకు బావా!" దెద్దాహ్ చెవులు పట్టుకున్నాడు.

"నేను పోయానా ఆయన జోలికి? ఆయనే వచ్చి వెనక సీటెక్కాడు! చల్లగా వీపుకి ఆనుకుని కూచున్నాడు. కాస్త దూరం పోయామో లేదో బండి ఇసకలో దిగబడింది. తిరిగి చూశాను. 'అయ్యా, వెనక స్ప్రింగులు పాతవి, ఇద్దరి బరువు ఆగడం లేదు, దిగి కాస్త తొయ్యండి' అన్నాను. తోశాడు! ప్రాణాలు తీసే దూత చేత బండి తోయించిన మగాడు ఈ లోకంలో ఇంకొకడున్నాడా? చెమటలు కక్కుతూ తోశాడు. 'హమూదీ, నీ జోలికి మళ్ళీ రాను, సలాం' అన్నాడు. మళ్ళీ సీటెక్కకుండా అక్కడే ఆగిపోయాడు!"

యెస్లెం పగలబడి నవ్వాడు. నవ్వుతో పాటు నిన్నటి నుంచీ గుండెలో ఉన్న బరువు కూడా జారిపోయింది. గభాల్న లేచి బండి దగ్గరికెళ్ళి, ఒక క్యాను తాడు విప్పి కింద పెట్టాడు. ఆ చోట మూట ఎత్తి కట్టడం మొదలెట్టాడు.

"ఏంటది తమ్ముడూ?" అన్నాడు దెద్దాహ్.

"ఒకటి చాలదా అన్నా? మామ అసలు ఒక్కటీ లేకుండానే పోయాడుగా."

దెద్దాహ్ హమూదీ మొహంలోకి చూశాడు. హమూదీ చూపు కుంపటి వైపు తిప్పుకున్నాడు.

"ఎక్కడ దించావు?"

సల్కా గొంతు. ఇంతసేపట్లో ఆమె మాట్లాడడం అదే మొదలు. ముసుగు అంచు పళ్ళ మధ్య నుంచి తీసేసింది.

"ఎవర్ని సల్కా?"

"వెనక సీటులో ఎక్కినాయన్ని. ఎక్కడ దిగాడు హమూదీ? మా ఆయన దగ్గరేనా?"

టీ పొంగి బొగ్గుల మీద పడి బుస్సుమంది.

"తుఫానుకి నీళ్ళిచ్చావు, బాగుంది," అందామె. "దూత చేత తోయించావు, ఇంకా బాగుంది. అవి నమ్మి ఎవడూ చావడు. మొదట ఒకటన్నావే, ఒక్క ట్యాంకుతో తిజిక్జా అని, అది మళ్ళీ చెప్పు. ఈ పిల్లాడి కళ్ళలోకి చూసి చెప్పు. ప్రయాణం కట్టిన మనిషికి దారి మాట చెబుతున్నావని గుర్తు పెట్టుకుని చెప్పు."

హమూదీ భుజాల మీది అంగీ చేతులు జారి కిందికి పడ్డాయి.

"నువ్వు ఈ బండి ఎప్పుడైనా ఎక్కావా?"

"లేదు."

"మరి నీకెలా తెలుసు ఇది?"

"నా లారీలో... వేసుకొచ్చాను."

"దీని పక్కనే ఇంకెవర్ని వేసుకొచ్చావు?"

"బూనాని."

యెస్లెం చేతిలో తాడు అలాగే ఉంది. మూట ఒక పక్కకి ఒరిగింది.

"ఎక్కడ దొరికాడు?"

"సగం దారి కూడా కాదు. బండి నీడన పడుకుని ఉన్నాడు. నీడ ఎటు జరిగితే అటు జరిగినట్టు ఇసకలో జాడ ఉంది, చుట్టూరా."

"ట్యాంకులో?"

"ఏమీ లేదు. మూత తీసి తలకిందులు చేశాను సల్కా. ఏమీ లేదు."

ఆమె యెస్లెం వైపు తిరిగింది. "పరదేశి అబద్ధం చెప్పలేదు తమ్ముడూ. ఒక్క ట్యాంకుతో అంత దూరం పోతుందనే అన్నాడు. వాళ్ళ తారు రోడ్డు లెక్క అది. మా ఆయన ఆ మాట పట్టుకుని పోయాడు. నీకు నేను చెప్పాల్సింది. చెబితే కొనవని చెప్పలేదు. బండి వద్దంటే వదిలెయ్, నేను తీసుకుపోతాను."

"నేను ఊరికే అన్నాను అల్లుడూ," హమూదీ అతని మొహం వైపు చూడలేకపోతున్నాడు. "పొద్దున నువ్వు ఆ దారి పేరు చెబుతూ వణికావు. ధైర్యం చెబుదామనుకున్నాను... ఆ రోజు తర్వాత ఆ దారి గురించి నాకు ఇంకోలా మాట్లాడడం రావడం లేదు."

యెస్లెం తాడు వదిలేశాడు. మూట దించాడు. బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, "అన్నా, ట్యాంకు ఖాళీ చేసి పెడతావా? ఎంత తాగుతుందో నేనే చూస్తాను," అన్నాడు.

దెద్దాహ్ పెట్రోలు పైపు ఊడలాగి ట్యాంకంతా ఓ ఖాళీ క్యానులోకి దించాడు. పైపు మళ్ళీ బిగించి, ఓ చిన్న నీళ్ళ సీసా నిండా కొలిచి ట్యాంకులో పోశాడు. యెస్లెం రెండో క్యాను కూడా దించి, రెండు క్యాన్ల బరువుకి సరిపడా ఇసక గోతాలు వెనక కట్టించుకున్నాడు, రేపటి బరువుతోనే పోవాలని. మూడో కిక్కుకి బండి పలికింది.

ఊరికి ఆనుకునే ఉంది ఎండిపోయిన ఏటి ఇసక, ఖర్జూరపు తోట నుంచి అవతలి రాతిగుట్ట దాకా. గుట్ట దాకా పోయి రావడం, మళ్ళీ పోవడం, అలా ఆగేదాకా తిరుగుతానని చెప్పి ఏట్లోకి దిగాడు.

పందిరి కింద ముగ్గురూ చెవొగ్గి విన్నారు. ఇసకలోకి దిగగానే బండి గొంతు మారిపోయింది. హాయిగా గురకపెడుతున్నది కాస్తా మూలగడం మొదలెట్టింది. పక్కకి జారినప్పుడల్లా ఒక అరుపు. గుట్ట దగ్గర సన్నబడి, మళ్ళీ దగ్గరయింది. తోట దగ్గర మలుపు తిరిగినట్టు దుమ్ము లేచింది. మళ్ళీ గుట్ట వైపు పోతోంది. హమూదీ తల వంచుకుని వేళ్ళతో చాప పీచు పీకుతున్నాడు.

ఉన్నట్టుండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

రెండో చుట్టు ఇంకా సగం కాలేదు.

దెద్దాహ్ చేతిలోని ఖాళీ సీసా వైపు చూశాడు, బండి ట్యాంకు ఎంత పెద్దదో మనసులో పెట్టుకుని పెదాలు కదిపాడు. "రెండు క్యాన్లున్నా తిజిక్జా అందదు," అన్నాడు చివరికి. "మూడున్నా నమ్మకం లేదు."

సల్కా ఇంకా వింటూనే ఉంది. ఏట్లో ఏ చప్పుడూ లేదు. గాలి లేదు, పిట్ట లేదు. "ఇదేనన్నమాట ఆయన విన్నది," అంది మెల్లగా. "రెండేళ్ళ నుంచీ ఆలోచిస్తున్నాను, బండి ఆగిపోయాక ఎలా ఉండి ఉంటుందా అని."

హమూదీ లేచాడు. అడిగినా కదలని మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా మండే ఇసకలోకి పరుగున దిగాడు.

చాలాసేపటికి ఇద్దరూ బండిని తోసుకుంటూ వచ్చారు. యెస్లెం పెదాలు అప్పుడే తెల్లగా ఎండిపోయాయి. దెద్దాహ్ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగేసి, గోడకి చేరగిలబడి, రోడ్డు చివర రాజధాని జీపులు ఆగే చోటు వైపు చాలాసేపు చూశాడు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు.

"జీపుల్లో పోతే మూడు రోజులు, ఎల్లుండే ఏడో రోజు అక్కా. నేను లేకుండానే పేరు పెట్టేస్తారు."

"పెట్టనీ," అంది సల్కా. "ఆ పేరుతో పిలవడానికి నువ్వుండాలి."