అటువైపు ఇసుక బస్తా

తెల్లవారుతోంది. రేపల్లె దిగువన మడ అడవి పాయలోకి చిన్న పడవ ఒకటి బయలుదేరింది. అందులో పడవ నడిపే ఆయన, తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ.

“మధ్యలో కూర్చోండమ్మా, పడవ ఒరుగుతోంది.”

“ఎప్పుడూ ఇటే కూర్చుంటానండి. అటువైపు మా అక్కది.”

“అవునూ, అక్కగారు రాలేదేంటమ్మా?”

“పోయిన వేసవిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందండి.”

“అయ్యో, నాకు తెలీదమ్మా... ఉండండి, ముందున్న ఇసుక బస్తా అటు జరుపుతాను. బరువు సరిపోద్ది.”

“ఇవాళైనా బావురుపిల్లి కనపడుద్దంటారా? ఏటా వచ్చినా అక్క ఒక్కసారి కూడా చూడలేకపోయింది.”

“మాట్లాడకండి... ఆ మడచెట్టు వేళ్ల దగ్గర చూడండి. చేప కోసం కాచుక్కూర్చుంది.”

“అక్కా, అదిగో! ఒంటిమీద ఆ మచ్చలు చూడు!”

“అయ్యో, అరిచేశారేంటమ్మా! పొదల్లోకి దూరిపోయింది.”

“అలవాటండి. ఏం కనపడినా ముందు అక్కకి చెప్పాలి.”

“...పోనీండమ్మా. మీరైనా చూశారు. ఇక వెనక్కి తిప్పుతాను. ఆ బస్తా తీసేస్తా, మీరు మధ్యలోకి జరగండి.”

“వద్దండి. ఒడ్డుదాకా ఉండనివ్వండి.”